అసమీకరణాల గ్రాఫుకు తలకిందుల సలహాలు

పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల కోసం, వాళ్ళకు లెక్కలు చెప్పే మాస్టార్ల కోసం ఈ సలహాలు రాస్తున్నాను. వీటిలో సగానికి పైగా గైడు పుస్తకానికి ఎదురు నడుస్తాయి. ఒకటి రెండు చూడగానే శుద్ధ తప్పనిపిస్తాయి. అయినా పూర్తిగా నమ్మే చెబుతున్నాను. బందరులోనూ గుడివాడలోనూ అవనిగడ్డలోనూ నేను చూసిన గ్రాఫు కాగితాల్లో గీతలు చక్కగానే ఉంటాయి. పెన్సిలు చెక్కి, స్కేలు ఆనించి, రెండు కొసలా బాణం గుర్తు పెట్టి మరీ గీస్తారు. తప్పు దొర్లేది ఆ తరవాత. ఏ వైపు ఉంచాలి, ఏ వైపు తీసేయాలి అన్న చోట చెయ్యి ఆగిపోతుంది.

దానికి కారణం పిల్లల తెలివిలో లేదు. తొమ్మిది, పది తరగతుల్లో వాళ్ళు చేసిందంతా సమీకరణాల గ్రాఫు. అక్కడ జవాబు గీత మీదే ఉంటుంది, రెండు గీతలు కలిసిన చోట ఉంటుంది. అసమీకరణానికి వచ్చేసరికి గీత వట్టి హద్దుగా మారిపోతుంది. కృష్ణా డెల్టాలోని దివిసీమ పిల్లలకు హద్దంటే ఏమిటో బాగా తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, కింద లంక ఊళ్ళలో చుట్టాలున్న ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే: ఇల్లు కరకట్టకు లోపలా, బయటా? అసమీకరణంలో గీత ఆ కరకట్ట లాంటిది. కట్ట ఎంత అందంగా కట్టారన్నది తరవాతి సంగతి, మనం ఏ వైపున ఉన్నామన్నది ముందు తేలాలి.

ఎక్స్, వై అని మొదలుపెట్టకండి

మొదటి సలహాకే అభ్యంతరం వస్తుందని తెలుసు. పరీక్షలో ఎక్స్, వై రాయాల్సిందే. చిత్తు కాగితం మీద మాత్రం వస్తువు పేరులోని మొదటి అక్షరం రాయండి. కింది లెక్క అలాగే చేద్దాం. అంకెలు పాఠం కోసం గుండ్రం చేసినవి, బజారు ధరలు కావు. ఆలోచన మాత్రం దివిసీమ పొలాల్లో ప్రతి ఏడూ జరిగేదే.

కౌలుకు ఆరెకరాలు చేస్తున్న రైతు. సార్వా వరి కోతకొచ్చింది. ఇక రెండో పంట. దాళ్వాకు మళ్ళీ వరే నాటాలా, మినుము వేయాలా? కృష్ణా డెల్టాలో మినుమును వరి కోయడానికి కొద్ది రోజుల ముందే, నిలిచి ఉన్న చేలో పదును మీద చల్లుతారు. కోత అయ్యేసరికి మొలక లేచి ఉంటుంది. దానికి నీరు స్వల్పం. దాళ్వా వరికి కాలువ నీరు బాగా కావాలి. దివిసీమకు ఆ నీరు పులిగడ్డ అక్విడక్టు దాటి రావాలి. నదిలో రాక తగ్గిన ఏడు రెండో పంటకు కాలువ వదలరు, వదిలినా వంతులు పెడతారు.

'వ' అంటే వరి ఎకరాలు, 'మ' అంటే మినుము ఎకరాలు అనుకోండి. ఉన్న నేల ఆరెకరాలు కాబట్టి వ + మ ≤ 6. వరికి ఎకరానికి నాలుగు వంతుల నీరు, మినుముకు ఒక వంతు, మొత్తం దొరికేది పన్నెండు వంతులు అనుకుంటే 4వ + మ ≤ 12. పెట్టుబడి వరికి ఎకరానికి ముప్ఫై వేలు, మినుముకు పదిహేను వేలు, చేతిలో ఉన్నది లక్షా యాభై వేలు. దీన్ని పదిహేను వేలతో భాగిస్తే 2వ + మ ≤ 10. ఎకరాలు సున్నాకు తగ్గవు కనుక వ ≥ 0, మ ≥ 0.

ఇందులో ఎక్స్ అని రాసిన పిల్లవాడు రెండు నిమిషాల్లో దేన్ని ఎక్స్ అన్నాడో మరిచిపోతాడు. 'వ' అని రాసినవాడికి 4వ కనపడగానే వరి తాగే నీరు కనిపిస్తుంది. చివర్లో అక్షరాలు మార్చుకోవడానికి అర నిమిషం పడుతుంది.

స్కేలు బల్ల మీద పెట్టేయండి

గ్రాఫు కాగితం ఇవ్వగానే స్కేలు తీయకండి. ముందు చేత్తో, వంకరగా అయినా సరే, చిన్న బొమ్మ వేయండి. ప్రతి గీతా రెండు అక్షాలను ఎక్కడ తాకుతుందో రాసుకోండి. నేల గీత అడ్డంగా 6 దగ్గర, నిలువుగా 6 దగ్గర. నీటి గీత 3 దగ్గర, 12 దగ్గర. డబ్బు గీత 5 దగ్గర, 10 దగ్గర. ఇప్పుడు తెలిసింది: అడ్డంగా ఆరు గడులు చాలు, నిలువుగా పన్నెండు కావాలి. గడికి ఎన్ని యూనిట్లన్న నిర్ణయం ఇక్కడే అయిపోయింది. ముందే ఒక సెంటీమీటరుకు రెండు యూనిట్లని ఎక్కడో చదివిన అలవాటుతో మొదలుపెట్టిన కాగితాల్లో బొమ్మంతా ఓ మూల ఇరుక్కుపోయి, మూలల బిందువులు చదవడానికి వీల్లేకుండా పోతుంది.

గుర్తును నమ్మకండి

"చిన్నది అంటే కింద, పెద్దది అంటే పైన" అన్న చిట్కా ప్రతి ఊళ్ళో ట్యూషన్లలో చెబుతారు. దీన్ని పూర్తిగా వదిలేయమని బతిమాలుతున్నాను. వై ఎడమవైపు మాత్రమే ఉండి, దాని ముందు ధన గుర్తు ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఎక్స్ − వై ≤ 2 తీసుకోండి. గుర్తు "తక్కువ లేదా సమానం". చిట్కా ప్రకారం కింద. మూలబిందువు పెట్టి చూడండి: 0 − 0 = 0, ఇది 2 కన్నా తక్కువే. కాబట్టి మూలబిందువున్న వైపు ఉండాలి. మూలబిందువు ఆ గీతకు పైన ఉంది. ఎక్స్ ≤ 3 అయితే అసలు కిందా లేదు, పైనా లేదు. ఎడమ, కుడి ఉన్నాయి.

దీని వెనకే ఇంకో గుంట ఉంది. రుణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుంది. −2ఎక్స్ ≤ 6 నుంచి ఎక్స్ ≥ −3 వస్తుంది. నియమం అందరికీ నోటికొచ్చు, చేతికి మాత్రం రాదు. అందుకే గుర్తు చూసి వైపు తేల్చే పనే పెట్టుకోవద్దంటున్నాను. బిందువు పెట్టి చూస్తే తేలిపోతుంది. గుణకారంలో పొరపాటు పడ్డవాడు కూడా అసలు అసమీకరణంలో బిందువు పెట్టి చూస్తే ఒడ్డున పడతాడు.

తప్పయ్యే బిందువుతో మొదలుపెట్టండి

పుస్తకం (0, 0) పెట్టి చూడమంటుంది. మంచిదే. నేను చెప్పేది ఇంకో అడుగు ముందు: ఖచ్చితంగా తప్పవుతుందని మీకనిపించే బిందువు ఒకటి ఎంచుకుని ముందు అది పెట్టండి. నీటి అసమీకరణానికి (6, 6) తీసుకోండి. ఆరెకరాల వరి, ఆరెకరాల మినుము. 24 + 6 = 30, పన్నెండుకు ఎంతో ఎక్కువ. తప్పింది. ఆ తరవాత (0, 0): 0, సరిపోయింది. రెండు బిందువులు రెండు వైపుల నుంచి ఒకే మాట చెబితే వైపు ఖాయమవుతుంది, గీత ఆ రెండింటి మధ్య నుంచి పోవాలని కూడా తెలుస్తుంది; అలా పోకపోతే గీత తప్పు. ఒక్క బిందువుతో వైపు తెలుస్తుంది కానీ గీత తప్పు గీశారని బయటపడదు.

(0, 0) ఒక్కదాన్నే పట్టుకున్నవాళ్ళు వై ≤ 2ఎక్స్ దగ్గర చతికిలబడతారు. గీత మూలబిందువు గుండానే పోతుంది. 0 ≤ 0 నిజమే, దానితో ఏ వైపో తెలియదు. (1, 0) పెట్టండి: 0 ≤ 2, నిజం. (0, 1) పెట్టండి: 1 ≤ 0, అబద్ధం. పని అయిపోయింది.

తప్పు వైపే షేడ్ చేయండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీ మాస్టారు ఏ వైపు సరిపోతుందో ఆ వైపు గీతలు కొట్టమంటారు. మీరు రెండో వైపు కొట్టండి. సరిపోని వైపు.

మన లెక్కలో అసమీకరణాలు అయిదు. సరిపోయే వైపు షేడ్ చేస్తే కాగితం మీద అయిదు పొరల గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మొదటి రెండు అసమీకరణాల వరకు తేడా తెలుస్తుంది. మూడోది దాటాక, పరీక్ష హాల్లో ఒకే పెన్సిలుతో, ఎక్కడ అయిదు పొరలు కలిశాయి, ఎక్కడ నాలుగే ఉన్నాయి అన్నది గీసినవాడికే తెలియదు. దిద్దేవాళ్ళకు అసలే తెలియదు. నాలుగు పొరలు పడ్డ చోటును అయిదనుకున్నారంటే ఒక నిబంధన తప్పినట్టే.

సరిపోని వైపు కొట్టేస్తూ పోతే? నేల గీతకు అవతల కొట్టేశారు. నీటి గీతకు అవతల కొట్టేశారు. డబ్బు గీతకు అవతల కొట్టేశారు. అడ్డ అక్షానికి కింద, నిలువు అక్షానికి ఎడమ కొట్టేశారు. మిగిలిన తెల్ల కాగితమే జవాబు. దాని మూలలు శుభ్రంగా కనిపిస్తాయి. అక్కడ బిందువు పెట్టి అంకె రాయడానికి చోటుంటుంది. ఆ తెల్లటి ముక్కకు నాలుగు మూలలు: (0, 0), (3, 0), (2, 4), (0, 6).

ఇది నా సొంత కల్పన కాదు. కేంబ్రిడ్జి బోర్డు పరీక్షల్లో అక్కర్లేని భాగాన్ని షేడ్ చేసి, కావలసినదాన్ని ఖాళీగా వదలమని ప్రశ్నలోనే అడుగుతుంటారు. మన దగ్గర ఆ అలవాటు లేదు కాబట్టి ఒక జాగ్రత్త తప్పనిసరి. గ్రాఫు పక్కన స్పష్టంగా రాయండి: "గీతలు కొట్టినది వదిలేసిన భాగం. ఖాళీగా ఉన్నది సాధన ప్రాంతం." ఆ ఒక్క వాక్యం లేకపోతే దిద్దేవారు తలకిందులుగా చదివి మార్కులు తీసేస్తారు, వారిని తప్పుపట్టలేం. ప్రశ్నలోనే సాధన ప్రాంతాన్ని షేడ్ చేయమని ఉంటే చిత్తులో కొట్టేసి, అసలు కాగితంలో మిగిలిన ముక్కను మాత్రం ఒకే పొరగా షేడ్ చేయండి.

ఈ పద్ధతిని నేను ఇంతగా పట్టుకోవడానికి మార్కులు ఒక్కటే కారణం కాదు. అసమీకరణం చేసే పనే తీసేయడం. నేల ఆరెకరాలే అన్న మాట ఏమి పండించాలో చెప్పదు. ఏది కుదరదో చెబుతుంది. రైతు కూడా దాళ్వా గురించి కూర్చున్నప్పుడు కుదరనివి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వస్తాడు: అంత నీరు రాదు, అంత అప్పు పుట్టదు, అంత నేల లేదు. చివరికి మిగిలిన దానిలో ఎంచుకుంటాడు. పెన్సిలు కూడా అదే వరుసలో నడిస్తే బొమ్మకూ ఆలోచనకూ పొత్తు కుదురుతుంది.

ప్రతి గీతనూ ముందు చుక్కలతోనే గీయండి

గీత మీది బిందువులు లెక్కలోకి వస్తే నిండు గీత, రాకపోతే చుక్కల గీత అని పాఠంలో ఉంటుంది. ఏదైనా సరే, ముందు చుక్కలతో గీయండి. గీత మీద ఒక బిందువు పెట్టి చూసి, సరిపోతే అప్పుడు నింపండి. నిండు గీతను చెరిపి చుక్కలు చేయడం కన్నా చుక్కల్ని నింపడం తేలిక. థామస్ హారియట్ పుస్తకంలో ఈ పెద్ద, చిన్న గుర్తులు 1631లో, ఆయన పోయాక అచ్చయ్యాయి. వాటి కింద "సమానం" కలిసిన రూపాలు పియర్ బూగేర్ 1734లో వాడాడు. వందేళ్ళ తరవాత వచ్చిన ఆ అడ్డగీత చిన్నదే, తేడా మాత్రం పెద్దది. మన లెక్కలో నేల నిబంధన వ + మ < 6 అయి ఉంటే (2, 4) చేతికి రాదు. దానికి ఎంత దగ్గరికైనా పోవచ్చు, దాన్ని తాకడం మాత్రం కుదరదు. లాభం అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది ఆ మూలలోనే అని కింద చూస్తాం, కాబట్టి అప్పుడు అత్యధిక లాభం అన్నదే ఉండదు.

పనికిరాని గీతను చెరపకండి

బొమ్మ మళ్ళీ చూడండి. డబ్బు గీత మన తెల్లటి ముక్కను ఎక్కడా తాకదు. దూరంగా పోతుంది. "ఈ గీత దండగ, తీసేయండి" అనే మాస్టార్లున్నారు. ఉంచండి. ఆ గీత దూరంగా ఉండడమే ఒక కబురు: ఈ రైతుకు అడ్డం వస్తున్నది పెట్టుబడి కాదు. (2, 4) దగ్గర అతనికి ఖర్చయ్యేది లక్షా ఇరవై వేలే. ముప్ఫై వేలు మిగులుతాయి. ఇంకో లక్ష అప్పిచ్చినా అతని లాభం రూపాయి పెరగదు. పెరగాలంటే నేలైనా, నీరైనా కావాలి.

ఇదే గీత పిల్లల్ని ముంచేది కూడా. "రెండేసి సమీకరణాలు సాధించండి, వచ్చిన బిందువులన్నీ మూలలే" అని ఒక అడ్డదారి ప్రచారంలో ఉంది. మూడు గీతలు, రెండు అక్షాలు, మొత్తం అయిదు. జతలు పది. పది జతలకూ పది బిందువులు వస్తాయి. వాటిలో నిజమైన మూలలు నాలుగే. నేల గీత, డబ్బు గీత (4, 2) దగ్గర కలుస్తాయి. వరికి ఎకరానికి ఇరవై వేలు, మినుముకు పదిహేను వేలు లాభం అనుకుంటే అక్కడ లక్షా పదివేలు వస్తుంది. కింద తేలబోయే అసలు జవాబు కన్నా ఎక్కువ. పిల్లవాడు సంబరంగా అదే రాస్తాడు. నాలుగెకరాల వరికి పదహారు, రెండెకరాల మినుముకు రెండు, మొత్తం పద్దెనిమిది వంతుల నీరు. ఉన్నది పన్నెండు. ఆ లెక్క నమ్మి దిగిన చేను మధ్యలో ఎండుతుంది. సమీకరణాలు సాధించి వచ్చిన ప్రతి బిందువునూ మిగిలిన అసమీకరణాలన్నిటిలోనూ పెట్టి చూడాలి. దీనికి దగ్గరిదారి లేదు.

మూలల పట్టిక చివర్లో వేయండి

నాలుగు మూలల దగ్గర లాభం కట్టి పెద్దది రాయడం పరీక్ష పద్ధతి. (0, 0) దగ్గర సున్నా, (3, 0) దగ్గర అరవై వేలు, (0, 6) దగ్గర తొంభై వేలు, (2, 4) దగ్గర లక్ష. జవాబు రెండెకరాల వరి, నాలుగెకరాల మినుము. ఇలా రాసినవాడికి పూర్తి మార్కులొస్తాయి. జవాబు మూలలోనే ఎందుకుండాలి అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

ముందు లాభం గీత గీయండి. లాభం అరవై వేలు వచ్చే చోట్లన్నీ కలిపితే ఒక గీత: 20వ + 15మ = 60. అది (3, 0), (0, 4) గుండా పోతుంది. దానికి సమాంతరంగా స్కేలును బయటికి జరుపుతూ పోండి. ప్రతి జరుపుకూ లాభం పెరుగుతుంది. తెల్లటి ముక్కను స్కేలు విడిచిపెట్టే చివరి క్షణంలో తగిలేది ఒక మూల. మన లెక్కలో అది (2, 4). చేత్తో జరిపి చూసినవాడికి రుజువు కళ్ళ ముందుంటుంది.

అంతకన్నా విలువైనది ఇంకోటి ఉంది. స్కేలు వాలు కొంచెం మార్చి చూడండి. వరి లాభం మినుము లాభానికి సమానం నుంచి నాలుగింతల వరకు ఎక్కడున్నా జవాబు (2, 4)ని వదలదు. మినుము ధర కొంచెం ఊగినంత మాత్రాన పంట ఎంపిక మారదన్నమాట. రెండు లాభాలూ సరిగ్గా సమానమైతే (2, 4) నుంచి (0, 6) దాకా ఉన్న అంచు మొత్తం జవాబే. మినుము లాభం వరిని దాటితే ఆరెకరాలూ మినుమే. పట్టిక వేసినవాడికి ఇదేదీ కనపడదు. అతనికి ఒక్క ఏటి ధరకు ఒక్క జవాబే దొరుకుతుంది.

ఇంకా అడగండి. ఇంకో ఎకరం కౌలుకు దొరికితే ఎంత దాకా ఇవ్వవచ్చు? వ + మ ≤ 7 పెట్టి మళ్ళీ సాధిస్తే మూల (5/3, 16/3)కు జరుగుతుంది. లాభం 1,13,333 రూపాయలు. అంటే ఆ ఏడో ఎకరం తెచ్చేది 13,333. రెండో పంటకు అంతకు మించి కౌలిస్తే చేతి డబ్బు పోతుంది. అదే ఒక వంతు నీరు అదనంగా వస్తే పెరిగేది సుమారు 1,667 రూపాయలు. పాఠ్యపుస్తకం అడగని ఈ రెండు ప్రశ్నలూ పొలం గట్టు మీద రోజూ అడిగేవే.

ఈ మూలల వెంట నడిచే ఆలోచననే 1947లో జార్జి డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతిగా మలిచాడు. లెనిన్‌గ్రాడులో కాంటరోవిచ్ 1939లోనే ప్లైవుడ్ యంత్రాలకు పని పంచే సమస్యతో ఈ దారిలోకి వచ్చాడు. 1975లో కూప్‌మన్స్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు.  రెండు చరరాశులు దాటితే కాగితం చాలదు. 1945లో జార్జి స్టిగ్లర్ 77 రకాల తిండి పదార్థాలు, తొమ్మిది పోషకాలు తీసుకుని, ఒక మనిషి ఏడాది బతకడానికి అతి తక్కువ ఖర్చెంతో అంచనా కట్టి 39.93 డాలర్లన్నాడు. 1947లో సింప్లెక్స్ పద్ధతిలో తొమ్మిదిమంది గుమాస్తాలు చేతి యంత్రాలతో కూర్చుని లెక్కకడితే 39.69 వచ్చింది. పెద్ద లెక్కలో ఏమి జరుగుతున్నదో మనిషి కంటితో చూడగలిగేది ఈ రెండు చరరాశుల గ్రాఫులోనే. దాన్ని తొందరగా దాటించేయడం నాకు అందుకే నచ్చదు.

సాధన లేకపోతే లేదనే రాయండి

అంతా కొట్టేశాక తెల్ల ముక్క మిగలలేదా? చాలామంది భయపడి గీతల్ని కొద్దిగా జరిపి ఒక ముక్క పుట్టిస్తారు. జరపకండి. మన రైతుకు భూస్వామి "కనీసం నాలుగెకరాలు వరే నాటాలి" అని షరతు పెట్టాడనుకోండి. వ ≥ 4. నాలుగెకరాల వరికి పదహారు వంతుల నీరు కావాలి, ఉన్నది పన్నెండు. ఎక్కడా చోటు లేదు. ఖాళీ ప్రాంతం కూడా జవాబే. షరతులన్నీ కలిసి కుదరవని అది ఖచ్చితంగా చెబుతుంది. కౌలు రైతుల జీవితంలో ఈ ఖాళీ తరచుగా ఎదురవుతుంది, అక్కడ మనిషి కష్టపడలేదనడం అన్యాయం. రెండు గీతల మధ్య చోటే లేనప్పుడు కష్టం ఎక్కడ నిలబడుతుంది? పిల్లలు "సాధన లేదు" అని ధైర్యంగా రాయడం నేర్చుకోవాలి. దానికి మాస్టార్లు పూర్తి మార్కులివ్వాలి.

మూల భిన్నమైతే మూలను వదిలేయండి

ఎకరం ముక్కలవుతుంది. మోటారు సైకిలు కాదు. నాగాయలంక మండలంలో ఏటిమొగ నుంచి ఎదురుమొండికి పంటు మీద దాటేవాళ్ళకు ఈ లెక్క చెప్పి చూడండి. జనాన్ని 'జ' అని, బండ్లను 'బ' అని అనుకుందాం. బరువుకు జ + 2బ ≤ 26, చోటుకు జ + 4బ ≤ 35. మనిషికి పది రూపాయలు, బండికి ముప్ఫై. ఇవీ ఊహించిన అంకెలే. మూల (17, 4.5) దగ్గర వస్తుంది, రాబడి 305. అర బండి ఎక్కదు. అయిదుకు పెంచితే (17, 5): చోటు ముప్ఫై ఏడు కావాలి, హద్దు దాటింది. నాలుగుకు తగ్గిస్తే (17, 4): 290 రూపాయలు. అంతకన్నా మంచివి రెండున్నాయి. (18, 4) చూడండి, (15, 5) చూడండి. రెండింటికీ 300. మూలను సవరించడం కన్నా, తెల్ల ముక్కలో పూర్ణ సంఖ్యల బిందువులన్నీ చుక్కలుగా పెట్టి, లాభం గీతను జరుపుతూ చివరగా తగిలే చుక్క పట్టుకోవడమే ఇక్కడ నమ్మదగిన దారి.

బరువు గీతను "కొంచెమే కదా" అని దాటడం ఎంత పెద్ద తప్పో చెప్పడానికి ఈ ఉదాహరణ కావాలనే తెచ్చాను. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. పడవ మీద ఎంతమంది ఎక్కవచ్చన్నది గీసి పెట్టిన అసమీకరణం. దాన్ని సుమారుగా చదవకూడదు.

మాస్టార్లకు ఒక విన్నపం

2014 మార్చి పరీక్షల దాకా మన పదో తరగతి గణితం మొదటి పేపర్లో లీనియర్ ప్రోగ్రామింగ్ (పైన చేసినలాంటి లెక్కలు) ఉండేది. గ్రాఫు ప్రశ్నకు అయిదు మార్కులు. పల్లెటూరి బడిలో చదివిన పిల్లలు కూడా గ్రాఫు కాగితం మీద ఈ సాధన ప్రాంతాన్ని గీసేవారు. కొత్త పుస్తకాలతో ఆ అధ్యాయం పోయింది. 2022-23లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు తగ్గించినప్పుడు పదకొండో తరగతి అసమీకరణాల అధ్యాయంలో ఒక చరరాశి భాగాన్ని ఉంచి, రెండు చరరాశుల గ్రాఫునూ, అనేక అసమీకరణాలను కలిపి గీసే భాగాన్నీ తీసేశారు. పన్నెండో తరగతిలో లీనియర్ ప్రోగ్రామింగ్ అధ్యాయం మాత్రం మిగిలింది. వైపు ఎంచుకోవడం ఎన్నడూ నేర్పని పిల్లవాడిని నేరుగా మూలల పట్టిక ముందు కూర్చోబెడుతున్నాం.

పదకొండు చెప్పే మాస్టారూ, సిలబస్‌లో లేదని దాన్ని వదలకండి. ఒక చరరాశి పాఠం అయిన మర్నాడే రెండు పీరియడ్లు కేటాయించండి. మొదటి పీరియడులో ఒక్క గీత, రెండు బిందువులు, అక్కర్లేని వైపు కొట్టివేత. రెండో పీరియడులో మీ ఊరి పొలం, మీ ఊరి కాలువ, అయిదు అసమీకరణాలు. దిద్దేటప్పుడు గీత అందానికి తక్కువ, వైపు తేల్చిన బిందువుకు ఎక్కువ మార్కులు వేయండి.